పాప కాలేయంలో మచ్చ

బషీర్‌బాగ్‌లో ఒక తల్లి ఉందనుకుందాం. ఆమెకు రెండేళ్ల పాప. పాపకు కడుపునొప్పి వచ్చింది. డాక్టరు పొట్టకు స్కానింగ్ రాశారు. నొప్పికి కారణం కనబడలేదు. కాని ఇంకొకటి కనబడింది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఎవరో చదివి చెప్పారు, "కాలేయంలో మచ్చ ఉందట" అని. ఆ రాత్రి తల్లికి నిద్ర లేదు. క్యాన్సరేమో అని ఒకటే ఏడుపు.

కాలేయం అంటే కార్జం. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. అందులో ఒక చోటు మిగతా భాగంలా కాక వేరుగా కనబడితే మచ్చ అంటారు. అది జబ్బు పేరు కాదు. నీటి తిత్తి కావచ్చు. సన్నని రక్తనాళాలు చిక్కుపడి గడ్డ కట్టి ఉండవచ్చు. పసిపిల్లల్లో ఇలాంటి గడ్డలు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. అనుకోకుండా కనబడే మచ్చల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే.

అన్నీ అలా కావు. పిల్లల కాలేయానికి హెపటోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వస్తుంది. ఇది అరుదు. ఎక్కువగా మూడేళ్ల లోపు వస్తుంది. తొందరగా కనిపెడితే మందులతో, ఆపరేషనుతో చాలామంది పిల్లలు బాగవుతారు. అందుకే డాక్టరు పాప వయసు అడుగుతారు. పొట్ట తడిమి చూస్తారు. ఏ.ఎఫ్.పి. అనే రక్తపరీక్ష రాస్తారు. ఈ క్యాన్సరులో ఆ అంకె సాధారణంగా బాగా పెరుగుతుంది. నెలల పిల్లల్లో మాత్రం అది మామూలుగానే ఎక్కువ. ఏడాది నిండేసరికి తగ్గుతుంది. కాబట్టి అంకె చూసి మీరే హడలిపోకండి.

ఒక్కోసారి డాక్టరు, "ఇప్పుడేమీ వద్దు, కొన్నాళ్లాగి మళ్లీ స్కానింగ్ తీద్దాం" అంటారు. చాలామంది తప్పేది ఇక్కడే. పాప ఆడుకుంటోంది కదా, మళ్లీ ఖర్చెందుకు, కూలి పోతుంది అనుకుంటారు. నిజమే, కూలి పోతుంది. కాని మచ్చ పెరిగిందా, తగ్గిందా అన్నది రెండో స్కానింగులోనే తెలుస్తుంది. పాత రిపోర్టు పక్కన పెట్టి చూడాలి. దాన్ని పారేయకండి. జెల్లీ రాసి తీసే స్కానింగులో ఎక్స్‌రే ఉండదు. పాపకు హాని లేదు. సీటీ స్కానులో ఎక్స్‌రే ఉంటుంది. అది ఎందుకో అడగండి.

పసరు మందు పోయించకండి. కొన్ని ఆకుమందులు కాలేయాన్నే చెడగొడతాయి.

పొట్టలో గడ్డ చేతికి తగిలినా, పొట్ట ఉబ్బినా, కళ్లు పచ్చబడినా, పాప చిక్కిపోతున్నా చెప్పిన తేదీ దాకా ఆగకండి. బషీర్‌బాగ్ నుంచి రెడ్‌హిల్స్ దగ్గరే. అక్కడ 1953లో మొదలైన నిలోఫర్ సర్కారు పిల్లల ఆసుపత్రి ఉంది. రిపోర్టులో ఏముందో తెలుగులో చెప్పమని డాక్టరును అడగండి. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి, ఆ తేదీ కవరు మీద మీ చేత్తోనే రాసుకోండి.