ఆయాసంలోంచి పుట్టిన కెమెరా

జర్మనీలో లాన్ నది ఒడ్డున, కొండవాలు మీద ఇళ్లు మెట్లు మెట్లుగా పేర్చినట్టుండే పాత ఊరు వెట్జ్‌లార్. రాళ్లు పరిచిన ఇరుకు వీధులు, దుంగల చట్రాలతో కట్టిన గోడలు, నిటారు కప్పులు. అక్కడి ఐసెన్‌మార్క్ట్ అనే చిన్న కూడలిలో 1914 ప్రాంతంలో ఒకాయన చేతిలో ఇమిడే డబ్బాతో ఫొటో తీశాడు. ట్రైపాడ్ లేదు, తలమీద నల్లగుడ్డ లేదు.

ఆయన ఆస్కర్ బార్నాక్, ఊళ్లోని లైట్జ్ మైక్రోస్కోపుల కంపెనీలో 1911లో చేరిన మెకానిక్. ఉబ్బసం మనిషి. అంతకుముందు యేనాలో ఉండగా తురింజియా కొండల్లోకి ఫొటోలకు వెళ్లేవాడు. 13×18 సెంటీమీటర్ల గాజుపలకలు పట్టే కెమెరా, పలకలు, ట్రైపాడ్ అన్నీ మోస్తూ ఎత్తు ఎక్కితే ఊపిరి అందేది కాదు.

నెగటివ్ చిన్నదైతే కెమెరా చిన్నదవుతుంది, ఫొటోను తర్వాత పెద్దది చేసుకోవచ్చు. ఇదీ ఆయన లెక్క.

దానికి 35 మిల్లీమీటర్ల సినిమా రీలు దొరికింది. సినిమా కెమెరాలో అది నిలువుగా నడుస్తుంది, ఒక్కో బొమ్మ 18×24 మిల్లీమీటర్లు. బార్నాక్ ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు బొమ్మల జాగాను ఒకటి చేశాడు: 24×36. గాజుపలకతో పోలిస్తే ఇది 27వ వంతు. అంత చిన్న బొమ్మను పెద్దది చేస్తే లెన్సులోని చిన్న లోపం కూడా బయటపడుతుంది. అందుకే తర్వాత మాక్స్ బెరెక్ దీనికోసమే ప్రత్యేకంగా లెన్సు రూపొందించాడు.

ఒకే మీట తిప్పితే ఫిల్ము జరిగేది, షట్టరూ సిద్ధమయ్యేది. ఒకే చోట రెండు బొమ్మలు పడే పొరపాటుకు తావులేదు. తొలి నమూనాలో చిక్కల్లా ఒకటే: మీట తిప్పుతున్నంతసేపూ షట్టర్ తెరల చీలిక తెరుచుకునే ఉండేది. వెలుగు చొరబడకుండా లెన్సుకు మూత పెట్టాల్సి వచ్చేది.

1920లో లాన్ పొంగి వీధుల్లోకి నీళ్లొస్తే, బార్నాక్ ఆ వరదనూ ఈ డబ్బాతోనే తీశాడు. అప్పటికింకా అది అమ్మకపు సరుకు కాదు. 1923లో పాతిక దాకా పరీక్ష కెమెరాలు తయారయ్యాయి. చేతులు కాల్చుకుంటామేమోనని కంపెనీలో కొందరు వెనకాడారు. 1924లో యజమాని రెండో ఎర్నెస్ట్ లైట్జ్ తయారీకే మొగ్గాడు. 1925 వసంతంలో లైప్‌జిగ్ సంతలో అది జనం ముందుకొచ్చింది. లైట్జ్, కెమెరా అనే రెండు మాటలు కలిసి లైకా అయ్యాయి. మూత బెడద దాంతో తీరింది. ఒక్క రీలుకు 36 బొమ్మలు.

బార్నాక్ 1936లో పోయాడు. ఆ పరీక్ష కెమెరాల్లో ఆయన సొంతానికి వాడుకున్న 105వ నంబరుది 2022లో వేలంలో 1.44 కోట్ల యూరోలు పలికింది. ఐసెన్‌మార్క్ట్‌లో ఆయన నిలబడిన చోట నేలమీద గుర్తు పెట్టారు. ఫొటోలవాళ్లు వచ్చి అక్కడ నిలబడి, అవే ఇళ్లకు కెమెరా గురిపెడుతుంటారు.