మీకు తెలుసా? లిగమెంట్ తెగక, ఎముకే ఊడుతుంది

సోలాపూర్ నీలం నగర్‌లో మన నేతకారుల పిల్లవాడు సైకిల్ మీంచి పడి మోకాలు వాచిందంటే, అది ఒట్టి బెణుకే కాకపోవచ్చు. లోపలి లిగమెంట్ బలంగా లాగినప్పుడు, ఒక్కోసారి తాను తెగకుండా అంటుకున్న చోట ఎముక ముక్కను పెకలించుకుపోతుంది. ఇదే అవల్షన్ ఫ్రాక్చర్. 8 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ; వాళ్ల ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పెద్దల్లో బైకు ప్రమాదాలు ముఖ్య కారణం.

ఫ్రెంచి సర్జన్ పాల్ సెగోన్ మోకాలి బయటి అంచున ఊడే చిన్న ముక్కను 1879లోనే వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనే లేదు! ఆ ముక్క కనిపిస్తే మోకాలి లోపల ముందువైపు లిగమెంట్ కూడా తెగి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అందుకే ఎంఆర్ఐ తీయిస్తారు.

ముక్క కదలకపోతే కొన్ని వారాల సిమెంట్ కట్టుతో అతుక్కుంటుంది. బాగా పక్కకు జరిగితే ఆర్థ్రోస్కోపీతో (చిన్న గాట్ల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) స్క్రూ గానీ, గట్టి దారం గానీ వేసి బిగించాలి. ఆ తర్వాత ఫిజియోథెరపీ మానేస్తే మోకాలు బిగుసుకుపోతుంది. మరమగ్గం దగ్గర గంటల తరబడి నిలబడేవారికి అది పెద్ద నష్టం.

వాచిన మోకాలికి మర్దన చేయించకండి. కాలు కదలకుండా ఉంచి, ఎక్స్‌రే తీయించండి.