వంతెనపై మంచు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో రహదారి వెంట ప్రయాణించువారికి వంతెన సమీపించునపుడు ఒక హెచ్చరిక పలక తరచుగా కనబడును. రహదారి కంటె ముందుగా వంతెనపై నీరు గడ్డకట్టునని దాని భావము. రహదారియు, వంతెనయు ఒకే చలిగాలిలో నున్నవి. అట్లైనచో వంతెనకు ముందుగా ఈ స్థితి ఏల కలుగవలెను?

రహదారి నేలపై పరచబడినది. పగలు సూర్యుని వేడిమిని గ్రహించిన నేల రాత్రివేళ దానిని మెల్లమెల్లగా పైకి పంపుచుండును. కావున రోడ్డు త్వరగా చల్లారదు. వంతెనకు ఇట్టి ఆధారము లేదు. పైభాగమునకు వలెనే దాని అడుగుభాగమునకును చలిగాలి తగులుచుండును. అందుచే దానిలోని కొద్దిపాటి వేడియు శీఘ్రముగా పోవును. వంతెన నదిపై నున్నచో గాలిలో తేమయు హెచ్చుగా నుండును.

మరియొక కారణము కలదు. ఆకాశము నిర్మలముగానున్న రాత్రులందు వస్తువులు తమ వేడిని వికిరణరూపమున కోల్పోవును. గాలి ఉష్ణోగ్రత 2, 3 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నను వంతెన ఉపరితలము సున్న డిగ్రీలకు దిగిపోవచ్చును. మన ప్రాంతమున శీతకాలపు ఉదయమున ఇనుపరేకుపై మంచుబిందువులు నిండియుండ, ప్రక్కనున్న నేల పొడిగా కనబడుట ఇట్టిదే.

ఇట్లేర్పడిన మంచుగడ్డ పొర పలుచగా, పారదర్శకముగా నుండును. దానిగుండ క్రిందనున్న నల్లని రోడ్డే కనబడును. కావుననే దీనిని 'నల్లమంచు' అందురు. కారు నడుపువాడు అది కేవలము తడి యని భ్రమపడును.

బండిని ఆపునది బ్రేకు అని మనము తలతుము. నిజమునకు బ్రేకు చక్రమును మాత్రమే ఆపగలదు. బండిని ఆపునది టైరునకును రోడ్డునకును మధ్యగల ఘర్షణ. పొడి రోడ్డుపై ఘర్షణ గుణకము సుమారు 0.7, మంచుగడ్డపై సుమారు 0.1. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు బ్రేకు పడిన పిదప పొడి రోడ్డుపై సుమారు 20 మీటర్లలో ఆగును. మంచుగడ్డపై అదే కారు 140 మీటర్ల వరకు జారిపోవును. ఈ దూరము వేగము యొక్క వర్గమును బట్టి మారును. కావున వేగము సగమైనచో దూరము నాలుగవ వంతునకు, అనగా 35 మీటర్లకు తగ్గును. ఈ లెక్కలో బండి బరువునకు తావులేదు.

ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీల కంటె తక్కువ ఉష్ణోగ్రతవద్ద గాని గడ్డకట్టదు. అందుచే చలిదేశములలో రోడ్లపై ఉప్పు చల్లుదురు. కాని చలి సున్నకు దిగువ 10 డిగ్రీలు దాటినపుడు మామూలు ఉప్పు అంతగా పనిచేయదు. పైగా అది వంతెనలోని ఉక్కును తుప్పుపట్టించును.

కావున నడుపువాని జాగ్రత్తయే ముఖ్యము. మంచుగడ్డపై బ్రేకును గట్టిగా త్రొక్కుటయు, స్టీరింగు చక్రమును ఒక్కసారిగా త్రిప్పుటయు ప్రమాదకరము. కారు జారినచో ఆక్సిలరేటరుపై నుండి కాలు తీసి, పోవలసిన దిశకు చక్రమును మెల్లగా త్రిప్పవలెను.

చదువులకై అమెరికా, కెనడాలకు పోవు తెలుగు యువతీయువకులలో పెక్కుమంది ఇట్టి రోడ్డును మొదటిసారి చూచునది అచ్చటనే. వంతెనవరకు రోడ్డు బాగుగనే యుండును. అదియే వారిని మోసగించును. వేగమును తగ్గించవలసినది వంతెన ఎక్కిన పిమ్మట కాదు, ఎక్కక మునుపే.