కుడితి చెప్పిన రసాయనం

ఇంట్లో బర్రెలున్నవారికి కుడితి తొట్టి గురించి చెప్పనక్కరలేదు. బియ్యం కడిగిన నీరు, గంజి, మిగిలిన అన్నం కలిసి రెండు రోజుల్లో పులుస్తాయి. పైకి బుడగలు తేలుతాయి. కంటికి కానరాని జీవులు పిండిపదార్థాన్ని తిని వాయువును వదులుతున్నాయనడానికి ఆ బుడగలే ఆనవాళ్లు. ఇటువంటి పనినే గాలి చొరబడని తొట్టిలో, తగిన సూక్ష్మజీవులతో జరిపిస్తే హైడ్రోజన్ లభిస్తుంది. కిలోకు కిలో చూస్తే పెట్రోలుకన్నా రెండున్నర రెట్లకు పైగా శక్తినిచ్చే ఇంధనమిది. మండితే పొగ రాదు, నీరే మిగులుతుంది. కాని నేడు ప్రపంచం వాడుతున్న హైడ్రోజన్‌లో అధికభాగం సహజవాయువు, బొగ్గుల నుండే వస్తోంది. ఇక దాని శుభ్రత ఏపాటిది?

అందుకే శాస్త్రజ్ఞుల దృష్టి వ్యర్థజలాలపై పడింది. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో డాక్టర్ ఎస్. వెంకట మోహన్ బృందం పాల పరిశ్రమల, రసాయన పరిశ్రమల వ్యర్థజలాలతోను, కూరగాయల మార్కెట్ల చెత్తతోను ఈ ప్రయోగాలు సాగించింది. 2014లో ఆయనకు ఇంజనీరింగ్ శాస్త్రాల విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

చిక్కంతా తొట్టి లోపలే ఉంది. మురుగు బురదలో హైడ్రోజన్‌ను తయారుచేసే జీవులతోపాటు, దాన్ని భుజించి మీథేన్‌గా మార్చే జీవులూ కాపురముంటాయి. ఒకరు వండితే మరొకరు ఆరగించినట్లన్నమాట! దీనికి ఉపాయం సులువైనదే. బురదను ముందుగా కాచి చల్లారుస్తారు. ఆ వేడికి మీథేన్ జీవులు నశిస్తాయి. క్లాస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా మాత్రం గట్టి పెంకు వంటి బీజరూపం దాల్చి బ్రతికిపోతుంది. చల్లబడ్డాక మళ్లీ పనికి పూనుకుంటుంది. నీటిని కాస్త పుల్లగా, పి.హెచ్. 5.5-6 మధ్య ఉంచితే మీథేన్ జీవులు అంత త్వరగా తలెత్తలేవు.

రాబడి సంగతి వేరు. సిద్ధాంతరీత్యా ఒక గ్లూకోజు అణువు నుండి 12 హైడ్రోజన్ అణువులు రావాలి. ఈ పద్ధతిలో గరిష్ఠంగా 4 మాత్రమే దక్కుతాయి, ఆచరణలో అంతకూ తక్కువే. మిగిలిన శక్తి ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాల రూపంలో నీటిలోనే ఉండిపోతుంది. కనుక హైడ్రోజన్ వచ్చింది కదా, నీరు శుభ్రపడిందనుకోవడం తగదు. పులిసి కంపుకొట్టే ఆ నీటిని కాలువలోకి వదలడానికి వీల్లేదు. రెండవ తొట్టిలోకి పంపాలి. మొదటి తొట్టి నుండి వెళ్లగొట్టిన మీథేన్ జీవుల కోవకే ఇక్కడ స్వాగతం! అవి ఆమ్లాలను హరించి గోబర్ గ్యాసు వంటి వాయువునిస్తాయి, మాలిన్యమూ తగ్గుతుంది. ఒక్క హైడ్రోజన్ కోసమే ఇంత ఏర్పాటు చేస్తే గిట్టుబాటు కావడం కష్టం. రెండు వాయువులు, తేటపడిన నీరు మూడూ చేతికందితేనే కర్మాగారం వారి లెక్క కుదురుతుంది.