ఇల్లు జరిగితే డిష్ గూడ జరగాలె: తిరుగుడు బతుకులకు ఏ టీవీ సెట్టు మేలు?

క్యారవాన్ అంటే మనోళ్లకు యాదికొచ్చేది షూటింగుల హీరో కూసునే ఏసీ బండి. అమెరికాల గసొంటి బండిని ఆర్వీ అంటరు. మంచం, పొయ్యి, బాత్‌రూం అన్నీ అండ్లనే ఉంటయి. నౌకరీ నుంచి దిగిపోయిన పెద్దమనుషులు ఇల్లంత అండ్ల పెట్టుకొని నెలలకు నెలలు తిరుగుతరు. కేరళ సర్కారు గూడ 2021ల క్యారవాన్ టూరిజం అని మొదలుపెట్టింది. ఆ బండ్లోళ్లకు ఉండే పెద్ద సవాలు ఒకటున్నది: రోజుకో జాగ మారుతుంటే టీవీకి ఏ డిష్ పెట్టాలె?

మన దిక్కు ఇల్లును ఎంట తీస్కపోయెటోళ్లు లేరా? మేడ్చల్ కాడ 44వ నంబర్ జాతీయ రహదారి మీద పావుగంట నిలబడి చూడుండ్రి. నాగపూర్ దిక్కు పోయే లారీల డ్రైవర్‌కు క్యాబినే ఇల్లు. శామీర్‌పేట కాడ రాజీవ్ రహదారి దిగి లోపలికి పోతే కొత్త అపార్ట్‌మెంట్ల పక్క పొంటి రేకుల షెడ్లు. ఇటుక బట్టీల కాడ ఒడిశా కుటుంబాలు, చలికాలం వస్తరు, వానలు పడేటాళ్లకు పోతరు. వీళ్లది టూరిజం కాదు, పొట్టతిప్పలు. కానీ సవాలు మాత్రం అదే.

పోయిన మాట ఒకటి చెప్త. నాకు తెలిసిన ఒక మేస్త్రీ కుటుంబం శామీర్‌పేట దిక్కు షెడ్డుల ఉంటుండె. పైసలు జమచేసి నెలనెల కట్టే డిష్ ఒకటి పెట్టించుకున్నరు. మూడు నెలలకు పని అయిపోయింది, మేడ్చల్ దిక్కు పోయిన్రు. మళ్ల బిగించుడుకు మనిషి రావాలంటే మళ్ల పైసలు. రీఛార్జ్ గూడ అప్పటికే అయిపోయింది. నేను పోయి చూసేసరికి ఆ డిష్ కోళ్ల గంప మీద మూతైంది. తప్పు ఆ మేస్త్రీది కాదు. ఏది కొనాలె, ఎట్ల తిప్పాలె అని ఆయనకు చెప్పినోడు లేడు. అందుకే ఈ రాత.

టీవీ ఏం అవసరం, ఫోన్ ఉన్నది గదా?

తమ్ముళ్లు ముందుగాల అడిగేది ఇదే. నిజమే, ఫోన్ ఉన్నది. కానీ గుడిసెకు ఒక్కటే ఫోన్ ఉంటది, అది నాయిన జేబుల ఉంటది, నాయిన పని మీద ఉంటడు. ఇంట్ల నలుగురు రెండు గంటలు వీడియో చూస్తే ఆ రోజు డేటా ఖతం.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలకు వచ్చి అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశం బంద్ అన్నడు. ఆ ముచ్చట షెడ్లల్ల ఉన్నోళ్లకు చాలామందికి నోటి మాటగానే చేరింది. సగం నిజం, సగం పుకారు. తర్వాత మేడ్చల్ రోడ్డు పొంటి మూటలు నెత్తిన పెట్టుకొని ఉత్తరానికి నడిచిపోయిన జనాన్ని మనమే చూసినం. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణల బడి పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిల, టీశాట్‌ల చెప్పిన్రు. టీవీ ఉన్న పిల్లకు పాఠం అందింది. రేకుల షెడ్డుల ఉన్న పిల్లకు ఏం అందింది? అందుకే టీవీ అంటే ఉత్త సీరియళ్లే అనుకోవద్దు.

పైసలు కట్టేదా, కట్టనిదా?

మన నెత్తి మీద డిష్ టీవీ రెండు తీర్లు. ఒకటి నెలనెల రీఛార్జ్ చేసేది. రెండోది ప్రసార భారతి నడిపే డీడీ ఫ్రీ డిష్. ఇది 2004 డిసెంబర్‌ల డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతోని మొదలైంది. దీనికి నెల కిరాయి లేదు. ప్లేటు, బాక్సు, వైరు కలిపి ఒక్కసారి సుమారు రెండు వేలు పెడితే అయిపాయె. మూడు నెలలు మూటగట్టి పక్కకు పెట్టినా మీటరు తిరగదు. జాగ మారేటోళ్లకు ఇంతకు మించిన సుఖం ఏమున్నది?

లోటు గూడ చెప్పాలె. ఫ్రీ డిష్‌ల ప్రైవేటు చానెళ్లు వేలంపాటల జాగ కొనుక్కొని వస్తయి. అందుకే లిస్టు మారుతుంటది, హిందీ చానెళ్లదే జోరు. తెలుగుకు యాదగిరి, సప్తగిరి ఉన్నయి గానీ, మనోళ్లు రోజూ చూసే తెలుగు చానెళ్లన్నీ అండ్ల దొరకయి. ఒడిశా కుటుంబానికి డీడీ ఒడియా వస్తది, బిహార్ కూలీకి హిందీ, భోజ్‌పురి వస్తయి. కాబట్టి ఇంట్ల ఎవరు చూస్తరు, ఏ భాషల చూస్తరు అనేది ముందుగాల అడగాలె. తెలుగు సీరియళ్లు, తెలుగు వార్తా చానెళ్లు తప్పనిసరి అనుకుంటే, ఆరు నెలలన్న ఒక్క జాగల ఉండేటట్టయితే, పైసలు కట్టే డిష్ తీసుకోవచ్చు. లేకుంటే ఫ్రీ డిషే మేలు.

కొనేటప్పుడు ఒక మాట యాదుంచుకో: ఎంపెగ్-4 బాక్సే అడుగు. చౌక అని పాత ఎంపెగ్-2 బాక్సు కొంటే కొన్ని చానెళ్లు రావు.

ఉపగ్రహం యాడున్నది?

ఫ్రీ డిష్ చానెళ్లు జీశాట్-15 అనే ఇస్రో ఉపగ్రహం నుంచి వస్తయి. 2015 నవంబర్‌ల దాన్ని పైకి పంపిన్రు. భూమధ్య రేఖ మీద, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాడ, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటది. భూమి ఎంత జోరుగ తిరుగుతదో అది గూడ అంతే జోరుగ తిరుగుతది. అందుకే మనకు ఒక్క కాడ మేకు కొట్టినట్టు కనబడతది.

మేడ్చల్ నుంచి చూస్తే దాని దిక్కు ఉత్తరం నుంచి లెక్కపెడితే 138 డిగ్రీలు. అంటే అచ్చం ఆగ్నేయం. ఇంట్ల పొయ్యి పెట్టే మూల అని యాదుంచుకుంటే చాలు. ఎత్తు 63 డిగ్రీలు. నేల సున్న, నడి నెత్తి 90 అనుకుంటే, మూడింట రెండు వంతుల కన్న కొంచెం పైన. ఇంత ఎత్తుల ఉంటది కాబట్టి చిన్నచిన్న గోడలు అడ్డం రావు. దగ్గరి చెట్టు, పెద్ద బిల్డింగే అడ్డం.

వేరే కంపెనీల ఉపగ్రహాలు వేరే కాడ ఉంటయి. టాటా ప్లేది 83 డిగ్రీల కాడ, మనకు దాదాపు దక్షిణం. ఎయిర్‌టెల్‌ది 108.2 కాడ, ఇంకా తూర్పుకు వాలి 50 డిగ్రీల ఎత్తునే ఉంటది. షెడ్డుకు తూర్పు పక్క పది అంతస్తుల బిల్డింగ్ లేస్తుంటే ఏది పనికొస్తదో నువ్వే చెప్పు. డిష్ కొనకముందే ఆ మూలకు నిలబడి ఆకాశం చూసుకో.

జాగ మారితే ఎంత తిప్పాలె?

శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు మారితే కోణం ఏం మారదు. అదే ఆగ్నేయం, అదే 63. ప్లేటు వెనుక ఉన్న నట్లు ఇప్పకుండ పైపుతోని సహా ఎత్తుకపోతే ఎత్తు కోణం అట్లనే ఉంటది. దిక్కు ఒక్కటి చూసుకుంటే సరి.

నాగపూర్ పోతే ఎత్తు 60కి దిగుతది, దిక్కు 144కు జరుగుతది. ఢిల్లీ పోతే ఎత్తు 52 డిగ్రీలే. ఇగ బట్టీ కుటుంబాల సొంతూరు బొలాంగీర్ ముచ్చట విను. అక్కడ గూడ ఎత్తు 63 డిగ్రీలే. దిక్కు మాత్రం 15 డిగ్రీలు దక్షిణానికి జరపాలె. అంటే బట్టీ కాడ పెట్టుకున్న ప్లేటు ఊరికి తీస్కపోయినా ఆ నట్టు ముట్టే పని లేదు. ఈ ఒక్క ముచ్చట ఎవరన్న చెప్తే ఎంత ఖర్చు తప్పుతదో చూడు.

బిగించే తీరు

పాత టైరుల కాంక్రీటు పోసి నడిమిట్ల ఇనుప పైపు నిలబెట్టు. గోడకు మొలలు కొట్టే పని లేదు, ఎత్తుకపోవచ్చు. పైపు నిక్కచ్చిగ నిటారుగ ఉండాలె. మేస్త్రీ దారానికి కట్టి వేలాడదీసే గుండుతోని చూసుకో. పైపు వంగితే ఇగ అన్ని లెక్కలు తప్పుతయి.

60 సెంటీమీటర్ల ప్లేటు మన దిక్కు సరిపోతది. వెనుక బిగింపు మీద డిగ్రీల గీతలుంటయి, 63 కాడ పెట్టు. అప్పుడు ప్లేటు మొకం అంత పైకి చూస్తున్నట్టు కనబడది, చాలా తక్కువ వాలినట్టు కొడుతది. మోసపోవద్దు. ఈ ప్లేట్లు సిగ్నల్‌ను కింది నుంచి ముంగట ఉన్న ఎల్ఎన్‌బీ మీదికి కొట్టే తీరుగ చేసినయి. ప్లేటుకు ఫోన్ ఆనించి కోణం కొలవద్దు, గీతలనే నమ్ము.

ఫోన్ల కంపాస్ తెరిచి 138 చూడు. పైపుకు రెండు అడుగులు దూరం నిలబడు, ఇనుము పక్కపొంటి ఉంటే కంపాస్ అబద్ధం చెప్తది. బాక్సుల ఎల్ఎన్‌బీ లెక్క 9750/10600 అని ఉన్నదా చూసుకో. ఇగ ప్లేటును ఎడమకు, కుడికి వేలు మందం జరుపుకుంట, జరిపినప్పుడల్లా మూడు సెకన్లు ఆగు. తెర మీద రెండు గీతలుంటయి. స్ట్రెంత్ గీతను నమ్మకు, అది ఉపగ్రహం లేకున్నా ఊగుతది. క్వాలిటీ గీత లేచిందంటే దొరికినట్టు. తర్వాత ఎల్ఎన్‌బీని కొంచెం కొంచెం తిప్పి ఆ గీత ఇంకా పెరిగే కాడ బిగించు.

రెండు హెచ్చరికలు. పైన కరెంటు తీగెలు ఉన్న కాడ పైపు లేపకు. ఉరుములు మెరుపులు ఉంటే బాక్సు వైరు పీకి పెట్టు. పెద్ద వాన పడితే బొమ్మ పోతది, అది డిష్ ఖరాబు కాదు. నీళ్లు ఆ సిగ్నల్‌ను మింగుతయి. వాన తగ్గినంక అదే వస్తది.

లారీ డ్రైవర్ అన్నలకు

పోతున్న బండి మీద ఈ ప్లేటు పనిచెయ్యది. ప్లేటు అంచు ఒక్క సెంటీమీటర్ జరిగితే చూపు దాదాపు ఒక డిగ్రీ తప్పుతది. ఆ ఒక్క డిగ్రీ ఉపగ్రహం కాడికి పోయేసరికి 600 కిలోమీటర్ల పైనే. హైదరాబాద్ నుంచి నాగపూర్ కన్న ఎక్కువ! విదేశాల ఆర్వీల మీద గుండ్రటి డోము లోపల మోటార్లు ప్లేటును తిప్పుకుంట ఉపగ్రహాన్ని వదలకుండ పట్టుకుంటయి. దాని ధర మన క్యాబిన్ బతుకుకు అందేది కాదు. రోజుకో ఊరు మారేటోళ్లకు రేడియో, ఫోనే దిక్కు. గొర్ల కాపర్లకు గూడ ఇదే మాట. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీస్ కాడ నాలుగైదు రోజులు ఆగే డ్రైవర్లయితే నలుగురు కలిసి ఒక్క ప్లేటు పెట్టుకోవచ్చు.

కరెంటు లెక్క గూడ చూసుకోవాలె. చిన్న ఎల్ఈడీ టీవీ, బాక్సు కలిసి 40 వాట్లు అనుకో. 12 వోల్టుల బ్యాటరీ మీద మూడు గంటలు చూస్తే 10 ఆంపియర్ అవర్లు ఖర్చు. షెడ్డుల సోలార్ పలక, బ్యాటరీ ఉంటే నడుస్తది. పెద్ద లారీలల్ల చాలా వాటికి 24 వోల్టులు ఉంటది. 12 వోల్టుల టీవీని సక్కగ దానికి తగిలిస్తే కాలిపోతది. నడుమ కన్వర్టర్ పెట్టాలె.

ఇగ మన పని

ఒక్క మాటల చెప్పాలంటే: రోజూ జరిగేటోళ్లకు ప్లేటు వద్దు. నెలలకోసారి జరిగేటోళ్లకు ఫ్రీ డిష్, టైరు స్టాండు. ఏండ్లకేండ్లు ఉండేటోళ్లకు ఇష్టమున్నది.

కానీ ఏది కొన్నా, తిప్పుడు మనకే రావాలె. చేతికి పని వస్తే ఎవని కాళ్ల మీద పడే అవసరం ఉండది. గాలిల వచ్చే ఫ్రీ డిష్ సిగ్నల్ బంగ్లా మీద ఎంత పడతదో రేకుల షెడ్డు మీద గూడ అంతే పడతది. దానికి కులం లేదు, కిరాయి లేదు. అందుకోవడానికి అడ్డం వచ్చేది ఒక నట్టు, ఒక కోణం, ఇంత కరెంటు. కరెంటు కోసం బట్టీ యజమానిని, బిల్డరును గట్టిగ అడుగుదం. కూలీల జాగలల్ల లైటు, ప్లగ్గు దానం కాదు. ఫ్రీ డిష్‌ల తెలుగు ఎందుకింత తక్కువ అని ప్రసార భారతిని గూడ అడుగుదం.

అడుగుడు ఒక దిక్కు నడువనీ. ఈ ఐతారం నీ ఊరి పక్క బట్టీ కాడికి, షెడ్ల కాడికి ఒక్కసారి పోయి రా. ఏ మూలకో ఒక ప్లేటు బోర్ల పడి ఉంటది. నీ ఫోన్ల కంపాస్ ఉన్నది, నీకు ఇప్పుడు 138, 63 తెలుసు. అరగంట పని. బొమ్మ వచ్చినప్పుడు ఆ పిల్లల మొకాలు చూడు.