సాహిత్య పరిశోధన పత్రం: గ్రంథాల ఎంపిక, అంశ నిర్ణయం

కళాశాలలో సాహిత్యం అభ్యసించే విద్యార్థిని పరిశోధన పత్రం వ్రాయమన్నప్పుడు అతడు సాధారణంగా ఎన్నుకొనే శీర్షిక 'భారతీయ నవలలో రైతు' వంటిదై ఉంటుంది. శీర్షిక గంభీరమైనదే. కాని ఇరవై పుటలలో అంత విశాలమైన క్షేత్రాన్ని దున్నబూనినవాడు చివరకు పీఠికల నుండి, సాహిత్య చరిత్రల నుండి వాక్యాలను ఏరి కూర్చుకోవడం తప్ప చేయగలిగినది ఉండదు. నవల చదవకుండానే పత్రం పూర్తి అవుతుంది!

ముందుగా ఒక గ్రంథాన్ని శ్రద్ధగా చదివి, అంశాన్ని అందులో నుండి వెలికితీయడం మేలు. ప్రేమ్‌చంద్ 'గోదాన్' (1936) ను తీసుకుందాం. ఇంటి ముందు ఒక పాడియావు ఉండాలన్నది హోరి కోరిక. భోలా వద్ద అరువుకు ఆవును తెచ్చుకుంటాడు. సొంత తమ్ముడే దానికి విషం పెడతాడు. ఆవు పోయినా అరువు పోదు. తుదకు భోలా తన బాకీ క్రింద హోరి ఎడ్లను తోలుకుపోతాడు. ఎడ్లు లేని రైతు కూలివాడు కాక తప్పదు. హోరి మరణశయ్యపై ఉండగా, భార్య ధనియా తాడు పేని అమ్మగా వచ్చిన ఇరవై అణాలనే గోదానంగా పురోహితుని చేతిలో పెడుతుంది. పశువు, అప్పు అనే రెండింటి సంబంధం ఈ నవలకు వెన్నెముక. 'రైతు' అన్న విశాలమైన మాట కంటె ఇది పరిశీలనకు లొంగే అంశం.

ఇక ఈ అంశానికి తోడు రాగల రచనలను వెదకాలి. ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' 1897–99 మధ్య 'ఉత్కళ సాహిత్య' పత్రికలో ధారావాహికంగా వెలువడింది. అందులో సంతానం లేని సాలె దంపతులు భగియా, సారియా భూమిని కోల్పోతారు; వారు ప్రాణప్రదంగా పెంచుకున్న 'నేత' అనే ఆవు కూడా జమీందారు మంగరాజు పాలవుతుంది. శరత్ బాబు కథ 'మహేశ్'లో గఫూర్ అనే నిరుపేద, కరవు కాలంలో తన ముసలి ఎద్దును క్షణికావేశంలో చేజేతులా చంపుకొని, ఆ రాత్రే కూతురు అమీనాతో జనపనార మిల్లుకు బయలుదేరుతాడు.

'గోదాన్'లో హోరి కొడుకు గోబర్ కూడా లక్నో చేరి చక్కెర మిల్లులో పనిచేస్తాడు. రెండు కథలూ ఒకటేనని తొందరపడరాదు. గోబర్ ఊరు విడిచినది ఆవు చచ్చినందుకు కాదు, ఝునియా విషయంలో లోకనిందకు జడిసి. పశువు పోయిన ఇంటి నుండి మనిషి మిల్లుకు ఎందుకు, ఎట్లా వెళ్ళాడన్న ప్రశ్నకు రెండు భాషలవారు రెండు సమాధానాలు చెప్పారు. పత్రానికి కావలసిన ప్రశ్న ఇటువంటిది.

తెలుగు నవల ఒకటి ఉండి తీరాలన్న పట్టుదలతో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని (1922) ఇందులో ఇరికించడం అనవసరం. కూలి, కులం దాని ఇరుసులు. చెరసాలలో వ్రాయబడి మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైన ఆ నవల వేరొక పత్రాన్నే కోరుతుంది.

అనువాదాలపై ఆధారపడేవారికి ఒక అనువాదకుడిగా ఒక మాట. అనువాదంలో మాట ఉంటుంది గాని, దాని కొలత మారిపోవచ్చు. రూపాయికి పదహారణాలని తెలియని నేటి విద్యార్థికి ధనియా చేతిలోని మొత్తం రూపాయి పావలా అని స్ఫురించదు. గుంట అన్న మాట మరింత మోసం చేస్తుంది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో 25. కనుక నవల పేరులోని ఎనిమిది గుంటలు మన లెక్కలో ఎకరంలో అయిదోవంతు, అక్కడి లెక్కలో ఇంచుమించు మూడోవంతు. ఇటువంటి చోట్ల మూలభాష ఎరిగినవారిని అడిగి తెలుసుకోవాలి. చేతిలోని ప్రతి సంపూర్ణమా, సంక్షిప్తమా అన్నది ముఖపత్రం వెనుకనే చూసుకోవాలి. సంక్షిప్త ప్రతిలో మొదట ఎగిరిపోయేవి ఈ చిల్లర లెక్కలే.

1954లో ఏర్పడిన సాహిత్య అకాడమీ, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు భారతీయ భాషల రచనలను పరస్పరం అనువదింపజేస్తూ వచ్చాయి. అయినా కోరిన పుస్తకం కోరిన గ్రంథాలయంలో దొరుకుతుందన్న భరోసా లేదు. ఎన్నుకున్న రెండు గ్రంథాలూ చేతికి వచ్చిన తరువాతనే శీర్షికను అధ్యాపకునికి సమర్పించడం క్షేమం.