సిద్దిపేట నుంచి రెడ్‌హిల్స్ దాకా

కాలేయ క్యాన్సర్ చాలావరకు హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్లగాని, మద్యం వల్లగాని మచ్చలుపడి గట్టిపడిన కాలేయంలో, అంటే సిరోసిస్ వచ్చినచోట పుడుతుంది కనుక, అటువంటివారికి 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీస్తే కణితి చిన్నగా ఉండగానే దొరికి, కోసి తీయడానికో, సూదితో వేడి పంపి మాడ్చడానికో, కాలేయ మార్పిడికో వీలుంటుంది. అయితే ఈ వీలు అందరికీ ఒకేలా దక్కదు: అమెరికాలో నల్లజాతివారికి ఈ చికిత్సలు తెల్లవారికంటే తక్కువగా అందుతున్నాయని పరిశోధనలు పదేపదే తేల్చాయి. సిద్దిపేటలో చికిత్స అందేవారినీ అందనివారినీ విడదీసే గీత ముఖ్యంగా దూరం మీదుగా, రాబడి మీదుగా సాగుతుంది. 2018లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినా, క్యాన్సర్‌కే ప్రత్యేకించిన పెద్ద ప్రభుత్వాసుపత్రి ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరాన, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. సంస్థ. 2007లో మొదలై 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయల పరిమితికి పెరిగిన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరిస్తుందేగాని, జూబ్లీ బస్టాండులో దిగిన రోగికీ తోడు వచ్చినవారికీ పోయిన కూలిని పూడ్చదు; పైగా ఆ పథకం ఆదుకునేది ప్రధానంగా జబ్బు బయటపడ్డాకనే, ఆలోగా కామెర్లేనని పసరు మందు తాగుతూ గడిపిన నెలల్లో కణితి కోతకు అందని దశకు చేరవచ్చు.